మావాళ్లు మాత్రలు ఎందుకు మానేస్తున్నారో వినండి: ఫార్మా పెద్దలకు, అధికారులకు, మానసిక వైద్యులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పరిశోధన విభాగాలు నడుపుతున్న పెద్దలకు, ఢిల్లీలో మందుల విధానం, అనుమతులు చూసే అధికారులకు, రెండు తెలుగు రాష్ట్రాల మానసిక వైద్యులకు,

నమస్కారం.

నేను గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పని చేస్తాయో, చెప్తాను. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా ఉంది, లేని గొంతులు వినిపించే, భ్రమలు కలిగే మానసిక జబ్బు అది. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ లేఖలో సగం క్లాసులో చెప్పే సంగతులు, సగం ఇంట్లో చూసే సంగతులు. ఇదే విషయం మీద ఇదివరకు ఢిల్లీలో ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాను. సంబంధిత విభాగానికి పంపామని జవాబు వచ్చింది, ఆ విభాగం నుంచి మాత్రం ఏమీ రాలేదు. ఒక కంపెనీకి మెయిల్ పెడితే నా సూచనకు ధన్యవాదాలు చెప్పారు. తమ్ముడిని చూపించే ఆసుపత్రిలో అడిగితే "ఈ మందులకి ఇవి మామూలేనమ్మా, సర్దుకుపోవాలి" అన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, నేను అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను అడిగేది ఇది. మెదడులో ఏ రిసెప్టర్ (కణం మీద మందు వెళ్లి పట్టుకునే చోటు) మీద పని చేయాలో దాని మీదే పని చేస్తూ, వీలైనంతవరకు మిగతావాటి జోలికి పోని మానసిక మందులు తయారు చేయడం ఇప్పుడు సాధ్యమవుతోంది. ఆ పని తెలిసిన కెమిస్టులు మన దగ్గర ఉన్నారు, ల్యాబులు ఉన్నాయి, మాత్ర చేసి ప్రపంచమంతా పంపే ఫ్యాక్టరీలు ఉన్నాయి. మరి అది మన దగ్గర ప్రభుత్వ ప్రణాళికలో గానీ, ఒకటి అరా తప్ప పెద్ద కంపెనీల ప్రణాళికలో గానీ ఎందుకు లేదు?

ఫార్మసీ చదవనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందును ఇలాంటి జబ్బులకు వాడినప్పుడు అది ఎలా పని చేస్తోందో ఎవరికీ తెలియదు. చెవిలో గొంతులు తగ్గాయి, మనిషి శాంతించాడు, అంతే తెలుసు. 1970లలో గానీ ఈ మందులన్నీ, మెదడు కణాల మధ్య సందేశాలు మోసే డోపమిన్ అనే రసాయనం పట్టుకునే డీ2 రిసెప్టర్‌ని ఆపుతున్నాయని తేలలేదు. ఆ తర్వాత 2024 దాకా వచ్చిన స్కిజోఫ్రెనియా మాత్రలన్నీ ఏదో ఒక రకంగా ఆ డీ2 చుట్టూనే తిరిగాయి. అది కూడా డీ2 ఒక్కదానితో ఆగవు. హిస్టమిన్, సెరటోనిన్, మస్కరినిక్, అడ్రినలిన్ రిసెప్టర్లు, దేనికి పడితే దానికి వెళ్లి అంటుకుంటాయి. పోనీ డీ2 వరకే చూసినా అది మెదడులో ఒక్కచోటే లేదు. గొంతులు వినిపించే జబ్బుకు సంబంధించిన దారిలోనూ ఉంది, చేయి కాలు కదిలించే దారిలోనూ ఉంది, హార్మోన్లను అదుపు చేసే పిట్యూటరీ గ్రంథిలోనూ ఉంది. ఒక ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే ఊరి ఫీడర్ మొత్తం ఆపేసినట్టు ఉంటుంది ఈ వైద్యం. ఆ ఇంట్లో మంటలు ఆగుతాయి, నిజమే. మిగతా ఊరి సంగతి ఎవరు చూస్తారు?

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ లేఖ చదివి ఎవరూ తమంతట తాము మాత్రలు ఆపేయకండి. ఈ మందులు లేకపోతే మా తమ్ముడు ఈ రోజు మా ఇంట్లో ఉండేవాడు కాదు, అది నాకు బాగా తెలుసు. మందులు వద్దని కాదు, ఇంతకన్నా మంచివి కావాలని అడుగుతున్నాను.

ఇక ఇళ్లలో జరిగేది వరుసగా చెప్తాను.

1. ఆకలి, బరువు, షుగర్. ఒలాన్‌జపిన్ అనే స్కిజోఫ్రెనియా మందుకి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. పాత మందుల్లాగా మనిషిని బిగదీయదని దానికి మంచి పేరు, ఆ పేరు న్యాయమైనదే. కానీ అది హెచ్1 అనే హిస్టమిన్ రిసెప్టర్‌నీ, 5హెచ్‌టీ2సీ అనే సెరటోనిన్ రిసెప్టర్‌నీ కూడా ఆపేస్తుంది, ఆకలిని అదుపులో పెట్టే పనిలో ఈ రెండింటికీ చేయి ఉంది. మా తమ్ముడు రాత్రి తొమ్మిదికి కడుపునిండా అన్నం తిని పదకొండుకి లేచి, గిన్నెలో అడుగున మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని పొయ్యి పక్కన నిలబడే తినేసేవాడు. పిల్లాడికి ఆకలి పుడుతోందని అమ్మ మొదట్లో సంతోషపడింది. కొన్నాళ్లకి బిస్కెట్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టింది. చుట్టాలు "పనీపాటా లేదు, తిండి మాత్రం బాగానే పోతోంది" అనేవాళ్లు, వాడి ముందే. వాడు తల వంచుకుని ఇంకో గదిలోకి వెళ్లిపోయేవాడు. అది తిండి యావ కాదు, మాత్ర వెళ్లి కూర్చోకూడని చోట కూర్చోవడం వల్ల వచ్చింది అని నేను ఎంతమందికని చెప్పను? ఇప్పుడు వాడికి షుగర్ కూడా ఉంది, వాడికింకా నలభై దాటలేదు.

2. వణుకు, బిగుసుకుపోవడం, కుదురు లేకపోవడం. డీ2ని గట్టిగా పట్టే మందులతో ఇది ఎక్కువ. సాసర్‌లో టీ ఒలికిపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, సంతకం మారిపోయి బ్యాంకులో వెనక్కి పంపడం, ఇవన్నీ మామూలుగా చూసేవే. అన్నిటికన్నా కష్టమైనది అకథీసియా. కూర్చోలేరు, పడుకోలేరు, హాలు నుంచి గేటుకి, గేటు నుంచి హాలుకి తిరుగుతూనే ఉంటారు, లోపల ఏదో పీకుతున్నట్టు ఉందంటారు. దాన్ని జబ్బు ముదిరింది అనుకుని అదే మందు డోసు పెంచిన సందర్భాలు ఉన్నాయి. కొందరికి ఏళ్లు గడిచాక నోరు, నాలుక వాటంతట అవే కదలడం మొదలవుతుంది. మందు ఆపినా అది పూర్తిగా పోకపోవచ్చు. బస్సులో అలాంటి మనిషి పక్క సీట్లో ఎవరూ కూర్చోరు.

3. ఆడపిల్లల సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. రిస్పెరిడోన్ లాంటి మందులు పిట్యూటరీలో డీ2ని ఆపడం వల్ల, తల్లిపాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. నెలసరి ఆగిపోతుంది, కొందరికి పాలు కూడా వస్తాయి. పెళ్లికాని అమ్మాయికి నెలసరి తప్పితే మన ఇళ్లలో మొదట ఏ ప్రశ్న వేస్తారో మీకు తెలుసు. పెళ్లయిన అమ్మాయి గర్భం అనుకుని ఆశపడి, టెస్ట్ చేయించుకుని, కాదని తెలిసి ఏడుస్తుంది. రెండు చోట్లా కారణం మాత్రే అయినా ప్రిస్క్రిప్షన్ రాసేటప్పుడు ఒక్క వాక్యం చెప్పేవాళ్లు తక్కువ. మా కాలేజీలో అటెండర్‌గా పనిచేసే ఒకామె వాళ్ల అమ్మాయి చీటీ నా దగ్గరికి తెచ్చి, గొంతు తగ్గించి, తలుపు వైపు చూసుకుంటూ అడిగింది ఈ విషయం. అది మాత్ర వల్లే కావచ్చు, డాక్టర్‌కి చెప్పి ప్రొలాక్టిన్ పరీక్ష రాయించుకోండి అన్నాను. అప్పటిదాకా ఆ తల్లి కూతుర్ని అనుమానిస్తూనే బతికింది. మగవాళ్లకీ లైంగికంగా ఇబ్బందులు వస్తాయి. వాళ్లు అసలు నోరే విప్పరు, మాత్ర మానేస్తారు.

4. మానేయడం. 2005లో అమెరికాలో క్యాటీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి, సుమారు 1,500 మందితో చేసింది. 18 నెలలు పూర్తికాకముందే 74 శాతం మంది తమకు మొదట ఇచ్చిన మందును ఆపేశారు, పని చేయలేదనో, తట్టుకోలేకనో, వద్దనుకునో. అది ఏ ఒక్క మాత్ర కథో కాదు, అందులో పాతదీ ఉంది, కొత్తవీ ఉన్నాయి. మా ఇంట్లో దిండు గలీబు ఉతకడానికి తీస్తే లోపల మాత్రలు రాలాయి. మింగినట్టు నటించి దాచాడు. అమ్మ వాడిని తిట్టింది. నాకు మాత్రం తిట్టాలనిపించలేదు. మనిషి మత్తులో మునిగి, ఒళ్లు పెరిగి, చేతులు వణుకుతూ ఉంటే ఆ మాత్ర మింగమని చెప్పే హక్కు నాకు ఎంతవరకు ఉందో నాకే తెలియలేదు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ అప్పు, పని పోవడం. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ముందుగా చనిపోయే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అందులో గుండె జబ్బు, షుగర్ లాంటి ఒంటి జబ్బుల వల్ల పోయేవాళ్లు చాలామంది. మాత్ర తెచ్చిన బరువు అక్కడికి దారి తీయకూడదు కదా.

ఇక్కడ వైద్యులకు ప్రత్యేకంగా ఒక మాట. మన రాష్ట్రాల్లో ఏ మందుల షాపుకి వెళ్లినా రిస్పెరిడోన్, ట్రైహెక్సిఫెనిడిల్ రెండూ కలిపిన మాత్ర దొరుకుతుంది. మొదటిది తెచ్చే వణుకు తగ్గడానికి రెండోది. వినడానికి బాగానే ఉంది. కానీ ట్రైహెక్సిఫెనిడిల్ మెదడులోకి వెళ్లి మస్కరినిక్ రిసెప్టర్లను (ఎం1 నుంచి ఎం5 వరకు ఐదు రకాలు) ఆపుతుంది, అందులో ఎం1 జ్ఞాపకశక్తికి, ఆలోచనకు అవసరమైనది. బయట ఒంట్లోనూ ఆపుతుంది, అందుకే నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, చూపు మసకలు. అసలే జబ్బు వల్ల ఏకాగ్రత కుదరని మనిషికి ఈ రెండో మందు మతిమరుపును ఇంకాస్త పెంచవచ్చు. వణుకు రాకముందే, ముందుజాగ్రత్తగా అందరికీ దీన్ని ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. అయినా మొదటి రోజు చీటీలోనే కలిపి రాసేస్తున్నారు. ఓపీలో ఒక్కొక్కరి ముందు ఎంత క్యూ ఉంటుందో నేను చూస్తూనే ఉన్నాను, మీ మీద ఒత్తిడి లేదని అనడం లేదు. కానీ ఆ మాత్ర ఏళ్ల తరబడి మింగేది వాళ్లు.

ఇప్పుడు ఇదే మస్కరినిక్ రిసెప్టర్ దగ్గర ఏం జరిగిందో చూడండి, నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే. జానోమెలిన్ అనే అణువు 1990లలోనే ఉంది. ఎలై లిల్లీ కంపెనీ దాన్ని అల్జీమర్స్ కోసం పరీక్షించింది. అది ఎం1, ఎం4 రిసెప్టర్లను ఎక్కువగా ప్రేరేపిస్తుంది. 1997లో వచ్చిన ఫలితాల్లో జ్ఞాపకశక్తి సంగతి అటుంచితే, రోగుల్లో భ్రమలు, గొంతులు వినిపించడం తగ్గాయని తేలింది. డీ2 జోలికి పోకుండానే! కానీ ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లలో సగానికి పైగా వాంతులు, కడుపు ఇబ్బందులు, చెమటలు లాంటివాటితో మధ్యలోనే ఆపేశారు. మెదడులో కావాల్సిన పని చేస్తున్న ఆ మందు ఒంట్లో మిగతాచోట్ల ఉన్న మస్కరినిక్ రిసెప్టర్లను కూడా లేపడమే దానికి కారణం. ఆ అణువు ఏళ్లపాటు మూలన పడింది.

2009లో మొదలైన కరూనా థెరప్యూటిక్స్ అనే చిన్న కంపెనీ దాన్ని బయటికి తీసింది. వాళ్లు చేసింది విని నేను క్లాసులో పిల్లలకి చెప్తే చప్పట్లు కొట్టారు. ట్రోస్పియం అని మూత్రాశయానికి వాడే పాత మాత్ర ఒకటుంది. దాని అణువు మీద ఎప్పుడూ విద్యుదావేశం ఉండటం వల్ల అది మెదడులోకి పెద్దగా వెళ్లలేదు, కానీ బయట ఒంట్లో మస్కరినిక్ రిసెప్టర్లను ఆపగలదు. రెండూ కలిపారు. మెదడులో జానోమెలిన్ తన పని చేస్తుంది, బయట దాన్ని ట్రోస్పియం అడ్డుకుంటుంది. 182 మందితో 5 వారాలు చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి, డమ్మీ మాత్ర కన్నా లక్షణాల స్కోరు 11.6 పాయింట్లు ఎక్కువగా తగ్గింది, బరువు పెరగడం, నిద్రమత్తు, వణుకు డమ్మీ మాత్ర తీసుకున్నవాళ్లతో దాదాపు సమానంగానే ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 26న అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. కోబెన్‌ఫీ అనే పేరుతో అమ్ముతున్నారు. డీ2ని ముట్టుకోకుండా స్కిజోఫ్రెనియాకి అనుమతి పొందిన మొదటి మందు అది, క్లోర్‌ప్రోమజిన్ వచ్చిన 72 ఏళ్లకి.

దాన్ని ఆకాశానికి ఎత్తేయడం నా ఉద్దేశం కాదు. వికారం, వాంతులు, మలబద్ధకం దానికీ ఉన్నాయి, గుండె వేగం పెరగొచ్చు, మూత్రం ఆగిపోవచ్చు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి పనికిరాదు. రోజుకి రెండుసార్లు, తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి, కూలి పనికి పోయేవాళ్లకి అది ఎంత కష్టమో ఆలోచించండి. 2025లో, పాత మందుకు దీన్ని జోడించి చేసిన పెద్ద ట్రయల్‌లో ప్రధాన లక్ష్యం అందలేదు. ఇంకా సూటిగా ఎం4 ఒక్కదాని మీదే పని చేయాలని తయారు చేసిన ఎమ్రాక్లిడిన్ 2024 నవంబర్‌లో రెండో దశ ట్రయళ్లలో ఓడిపోయింది. టీఏఏఆర్1 అనే ఇంకో రిసెప్టర్ మీద పని చేసే ఉలోటారాంట్ 2023లో మూడో దశలో ఓడిపోయింది. మరోవైపు, ఏ మందుకూ లొంగని జబ్బుకు ఇప్పటికీ దిక్కైన క్లోజపిన్ అనేక రిసెప్టర్ల మీద ఒకేసారి పని చేస్తుంది. ఎంత సూటిగా తగిలితే అంత మంచిదన్న లెక్క అన్నిసార్లూ కుదరదు, నాకు తెలుసు. ఏయే చోట్ల తగలాలో, ఏయే చోట్ల తగలకూడదో ముందే ఎంచుకుని తయారు చేయడం అసలు పని.

అలా ఎంచుకోవడం ఎందుకు కష్టమో కూడా చెప్తాను. ఎం1 నుంచి ఎం5 వరకు ఐదు రిసెప్టర్లకీ ఒంట్లో సహజంగా ఉండే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఒక్కటే వచ్చి కూర్చుంటుంది కాబట్టి, అది కూర్చునే చోటు ఐదింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడికి వెళ్లే మందు ఒకదాన్ని పట్టి ఇంకోదాన్ని వదలడం కష్టం. కొంచెం పక్కన ఇంకో మడత ఉంటుంది, అది ఒక్కో రిసెప్టర్‌లో ఒక్కోలా ఉంటుంది, అక్కడ పట్టుకునేలా చేస్తే ఎంపిక వీలవుతుంది. ఒకప్పుడు ఇదంతా చీకట్లో వెతుకులాట. 2016లో ఎం1, ఎం4 నిర్మాణాలు, 2018లో రిస్పెరిడోన్ పట్టుకుని ఉన్న డీ2 నిర్మాణం బయటికి వచ్చాయి. ఇప్పుడు ఆ మడతలు కంప్యూటర్ తెర మీద తిప్పి చూడొచ్చు, మా కాలేజీ పిల్లలే చూస్తున్నారు. ఈ రకం రిసెప్టర్ల మీద పని చేసినందుకు లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇదే రంగంలో ఐఐటీ కాన్పూర్‌లో అరుణ్ కుమార్ శుక్లాకి, మన దేశంలో శాస్త్రవేత్తలకు ఇచ్చే భట్నాగర్ అవార్డు వచ్చింది. మన దేశంలో ఈ విద్య లేదని ఎవరూ అనలేరు.

తెలుగు నేల మీదా లేదని అనలేరు. హైదరాబాద్‌లో సువెన్ లైఫ్ సైన్సెస్ చాలా ఏళ్లుగా మెదడు రిసెప్టర్ల మీదే పని చేస్తోంది. మసుపిర్డిన్ అని 5హెచ్‌టీ6 అనే సెరటోనిన్ రిసెప్టర్ ఒక్కదాన్ని ఎంచుకుని పట్టే అణువు వాళ్లది. అల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తి కోసం చేసిన రెండో దశ ట్రయల్ 2019లో లక్ష్యం అందుకోలేదు. వాళ్లు ఆపేయలేదు, ఆ రోగుల్లో వచ్చే ఆందోళన, చిరాకు తగ్గుతున్న సూచన కనిపిస్తే దాని మీద మూడో దశకి వెళ్లారు. నాకు ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేదు. ఓడిపోయిన ట్రయల్ తర్వాత కూడా నిలబడినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారని చెప్పడానికి రాశాను. ఇన్ని ఫార్మా కంపెనీలున్న నగరంలో ఇలాంటి పేరు చెప్పమంటే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఎందుకు గుర్తుకు రారు?

డబ్బు ఎటు పోతోందో చూస్తే కొంత అర్థమవుతుంది. కేంద్రం 2023లో ఫార్మా పరిశోధన కోసం 5,000 కోట్లతో ప్రిప్ పథకం తెచ్చింది. అందులో 700 కోట్లతో 7 నైపర్లలో (కేంద్రం నడిపే ఫార్మా విద్యా పరిశోధన సంస్థలు) ఒక్కో ప్రత్యేక కేంద్రం. హైదరాబాద్ నైపర్‌కి బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిపదార్థాలు, ఇచ్చారు. మిగతావాటిలో వైద్య పరికరాలు, యాంటీబయాటిక్స్, మొక్కల మందులు, ఇలా ఉన్నాయి. అవన్నీ కావాల్సినవే. మెదడు మందులకు మాత్రం ఆ ఏడింటిలో ఒక్కటి కూడా లేదు. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిన దేశం ఇది.

అందుకని మా డిమాండ్లు ఇవి.

1. ఫార్మా విధానం చూసే అధికారులకు: ప్రిప్ పథకంలో గానీ, మరో పరిశోధన నిధిలో గానీ మానసిక జబ్బుల మందులను పేరు పెట్టి ప్రాధాన్య రంగంగా చేర్చండి. హైదరాబాద్‌లో నైపర్, రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఒకే ఊళ్లో ఉన్నాయి. అణువు తయారు చేసేవాళ్లని, రిసెప్టర్ చూసేవాళ్లని, రోగిని చూసేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టే కేంద్రం ఇక్కడ పెట్టండి. మూడేళ్లలో ఫలితం చూపించమని కాకుండా కనీసం పదేళ్ల నిధి ఇవ్వండి. జానోమెలిన్‌కి మూడు దశాబ్దాలు పట్టిందని గుర్తు పెట్టుకోండి.

2. కంపెనీలకు: అణువు డిజైన్ చేసే మొదటి రోజే ఏయే రిసెప్టర్లను తాకకూడదో రాసుకోండి. ఆకలి కోసం హెచ్1, 5హెచ్‌టీ2సీ, మతిమరుపు కోసం ఎం1 అడ్డగింత, గుండె కవాటాల కోసం 5హెచ్‌టీ2బీ. ఈ చివరిదాన్ని తాకడం వల్లే ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు తగ్గే మందు ఎంతోమంది గుండె కవాటాలు పాడుచేసి 1997లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. ఇక ఓడిపోయిన ట్రయళ్ల వివరాలు కూడా బయటపెట్టండి, అవి దాచిపెడితే ఇంకో ల్యాబు అదే గోడకి వెళ్లి తల కొట్టుకుంటుంది.

3. ట్రయళ్లకు అనుమతులిచ్చే అధికారులకు: మానసిక మందుల ట్రయల్ అంటే 5, 6 వారాలు డమ్మీ మాత్రతో పోల్చడంతో సరిపెట్టొద్దు. ఇప్పుడు వాడుతున్న మాత్రతో పోల్చండి, కనీసం ఏడాది చూడండి. బరువు, నడుం కొలత, షుగర్, ప్రొలాక్టిన్, నెలసరి, లైంగిక ఇబ్బందులు, పగటి మత్తు, పనికి వెళ్లగలుగుతున్నారా లేదా, ఇవన్నీ ప్రధాన ఫలితాల్లో ఉండాలి. ఆడవాళ్లను సరిపడా చేర్చండి. అంగీకార పత్రం మా అమ్మ చదివితే అర్థమయ్యే తెలుగులో ఉండాలి.

4. ధర, అందుబాటు. 2024లో వచ్చినప్పుడు కోబెన్‌ఫీ అమెరికా జాబితా ధర నెలకి సుమారు 1,850 డాలర్లు, మన లెక్కలో లక్షన్నర పైమాటే. 2024 ఆగస్టులో కేంద్రం కొన్ని దేశాల్లో అనుమతి ఉండి, ఇప్పుడున్న వైద్యం కన్నా గణనీయంగా మెరుగైన మందులకు ఇక్కడి ట్రయల్ మినహాయింపు ఇవ్వొచ్చని చెప్పింది. మానసిక మందులకు ఇది వర్తిస్తుందో లేదో స్పష్టంగా ప్రకటించండి. వర్తిస్తే, వచ్చాక ఇక్కడి రోగులను కనీసం కొన్నేళ్లు గమనించే షరతు పెట్టండి. ధర కోసం లైసెన్సు ఒప్పందాలు ఇప్పుడే మొదలుపెట్టండి. హెపటైటిస్ సీ మందు సోఫోస్బువిర్ అమెరికాలో మాత్ర 1,000 డాలర్లు ఉన్నప్పుడు, 2014 ఒప్పందంలో హైదరాబాద్ హెటెరో, మరుసటి ఏడాది నాట్కో చేరి ఇక్కడే తయారు చేశాయి. లివర్ రోగికి చేసింది మానసిక రోగికి చేయలేమా? 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవన్నీ సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా ఉండాలని చెబుతోంది. అది ఇప్పుడున్న మందులకే అన్నిచోట్లా జరగడం లేదు, మా జిల్లాలో స్టాక్ లేదని బయట కొనుక్కోమన్న రోజులు ఉన్నాయి. ముందు దాన్ని సరిచేయండి.

5. మానసిక వైద్యులకు: కొత్త మందు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినవి ఉన్నాయి. ట్రైహెక్సిఫెనిడిల్ అవసరమైనవాళ్లకే, అవసరమైనన్ని రోజులే రాయండి. మొదటి రోజు బరువు, నడుం కొలత, షుగర్ చూసి రాసుకోండి, మూడు నెలలకోసారి మళ్లీ చూడండి. ఒలాన్‌జపిన్, క్లోజపిన్ రాసేటప్పుడు బరువు అదుపుకి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇవ్వొచ్చేమో ఆలోచించండి, చాలా చవకగా దొరికే మాత్ర అది. నెలసరి గురించి ఆడపిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఇబ్బంది చెబితే సర్దుకుపొమ్మనకుండా, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రిపోర్టు చేయండి. రోగులు, ఇంట్లోవాళ్లు కూడా 1800-180-3024 ఉచిత నంబరుకి ఫోన్ చేసి చెప్పొచ్చు, దయచేసి చెప్పండి. మనం చెప్పనంతకాలం మన బాధ ఏ లెక్కలోనూ ఉండదు, లెక్కలో లేనిదాని కోసం ఎవరూ మందు తయారు చేయరు.

6. రోగులకు, కుటుంబాలకు మాట చెప్పే చోటు. ఏ మందు మీద పరిశోధన చేయాలో, ట్రయల్‌లో ఏం కొలవాలో నిర్ణయించే కమిటీల్లో జబ్బుతో బతుకుతున్నవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. పేరుకి కాదు, ఓటుతో.

ఈ లేఖ కాపీ కంపెనీల పరిశోధన విభాగాలకు, ఢిల్లీలో రెండు శాఖలకు, మానసిక వైద్యుల సంఘాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. రెండు నెలల్లోగా ఏ డిమాండ్ మీద ఏం చేస్తారో, చేయలేకపోతే ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన జవాబులు వచ్చినట్టే అందరికీ చూపిస్తాను. జవాబు రాకపోతే, ఏ శాఖ ఏ పరిశోధనకి ఎంత ఇచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడుగుతాను. ఇలాంటి ఇబ్బందులు పడుతున్న కుటుంబాలు పేర్లు లేకుండా మీ అనుభవం, వాడుతున్న మందు, డోసు రాసి నాకు పంపితే వాటిని కూడా ఆ దరఖాస్తుతో జతచేస్తాను.

ఇట్లు,
ఒక రోగి అక్క, ఫార్మకాలజీ లెక్చరర్
గుంటూరు